అత్త కొట్టేసిన నాలుగు వాక్యాలు

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా మా అత్త అతిథిగృహం వరండాలో పదకొండు కుర్చీలు రెండు వరసలుగా అర్ధచంద్రాకారంలో వేయాలి. అది నా పని. వాటికి ఎదురుగా వేసే పన్నెండో కుర్చీ అమ్మది. నేను కుర్చీలు తుడుస్తున్నంతసేపూ అమ్మ లోపల గదుల్లో దుప్పట్లు మారుస్తూ ఉండేది. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా చీపురు గోడకు ఆనించి, తడి ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి, పూల గౌను తొడుక్కుని, తలగుడ్డ సరిచేసుకుంటూ వచ్చి కూర్చునేది. ఆ గౌను అత్తది. పాఠం అవగానే విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి అత్త బీరువాలో పెట్టాలి.

అతిథులు ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. ఎండకు కమిలిన ముక్కులు, సముద్రపు నీళ్ళకు అట్టలు కట్టిన జుట్టు, చేతిలో కాఫీ. ఎక్కువమంది హాలండ్ వాళ్ళే. అప్పుడప్పుడూ జర్మన్లు, ఒకసారి కెనడా నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. సెలవులకు మా కురసావ్ దీవికి వచ్చినందుకు మా పాపియామెంటు భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుని పోదామని వాళ్ళ సరదా. అమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసి "బోన్ దియా" అనేది, శుభోదయం అని. పదకొండు నోళ్ళూ "బోన్ దియా" అనేవి. తర్వాత "మాషా దాన్కి", చాలా కృతజ్ఞతలు. తర్వాత "దూషి". రుచిగా ఉన్న తిండినైనా, ముద్దొచ్చే మనిషినైనా ఆ మాటే అంటాం. అక్కడ తప్పకుండా ఎవరో ఒక మగాయన పక్కనున్న భార్యను చూసి కన్నుగీటేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ కూడా అది మొదటిసారి చూసినట్టే నవ్వేది. ఆ తర్వాత "కోన్ తా బాయ్?" ఎలా ఉన్నారు? దానికి జవాబు "బోన్, దాన్కి దియోస్." బాగున్నాను, దేవుడి దయ. అమ్మ ఆ జవాబు దగ్గర కాస్త ఆగి, వేలు పైకెత్తి వచ్చీరాని డచ్చిలో చెప్పేది.

"ఎలా ఉన్నా సరే, ముందు ఇదే అనాలి. కాలు విరిగినా సరే. ముందు దేవుడి దయ, తర్వాతే కాలు."

మళ్ళీ నవ్వులు. కానీ అమ్మ చెప్పింది నవ్వులాటకు కాదు. దీవి పడమటి కొసన ఉన్న మా బాండాబౌ పల్లెల్లో పలకరించిన మనిషి మొహాన బాగాలేదని విసిరికొట్టడం మర్యాద కాదు. ముళ్ళ కంచె బయట నిలబడి మొదటిసారి అడిగేది లోపలికి రమ్మనిపించుకోవడానికి. లోపలికి వచ్చి, నీడలో కుర్చీ లాక్కుని, చల్లటి చింతపండు నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాక రెండోసారి అడుగుతారు. "ఇప్పుడు చెప్పు, అసలెలా ఉన్నావు?" నిజం అప్పుడు బయటకు వస్తుంది. మొగుడు పెట్టే బాధ, తీరని అప్పు, పట్టణంలో చెడిపోయిన కొడుకు, అన్నీ ఆ రెండో ప్రశ్నకే చెప్పుకుంటారు. రెండోసారి అడగని మనిషికి మా ఊళ్ళో ఎవరూ ఏమీ చెప్పరు.

అమ్మ పాఠంలో ఆ రెండో ప్రశ్న ఉండేది. మొదట పద్నాలుగు వాక్యాలు చేసింది అమ్మ. రాత నాది. నా బడి నోటుబుక్కులోంచి కాగితం చింపి, అమ్మ చెబుతూ ఉంటే నేను రాశాను. అత్త ఆ కాగితం తీసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని, చివరి నాలుగింటినీ ఎర్రపెన్నుతో కొట్టేసింది. దారి తప్పాను. సాయం చేయండి. నాకు ఇక్కడ నొప్పిగా ఉంది. అసలెలా ఉన్నావు?

"ఏంటే ఓవిదియా ఇదీ? సెలవులకొచ్చినవాళ్ళకి ఏడుపు నేర్పిస్తావా? పది చాలు. పావుగంటలో తేల్చెయ్. ఆ తర్వాత మూడో నంబరు గది ఖాళీ అవుతుంది."

"ఆ ఆఖరిదైనా ఉంచుదాం వదినా. అది లేకపోతే ఎలా ఉన్నావన్న మాట సగమే కదా."

"సగం చాల్లే వాళ్ళకి. ఇక్కడేమైనా కాపురం పెడతారా?"

అమ్మ తలూపి చీపురు అందుకుంది. అత్త మీద ఆమెకు కోపం ఉండేది కాదు. మేముంటున్న ఇల్లు అత్త స్థలంలోనిది. మొగుడు వెనిజులా పారిపోతే ఒంటిచేత్తో ఏడు గదులు కట్టుకున్న మనిషి అత్త. గదులు ఊడ్చినందుకు అమ్మకు ఎంతో కొంత ఇచ్చేది. పాఠానికి మాత్రం ఏమీ లేదు. ఒకసారి నేనే, పదమూడేళ్ళ వయసులో, తెలియక అడిగాను. అత్త పడీపడీ నవ్వింది. "పుట్టినప్పట్నుంచీ మాట్లాడే భాష మాట్లాడ్డానికి కూడా జీతమిస్తారా పిల్లా?" సాయంత్రం ఆ మాట నాన్నతో చెప్పి మళ్ళీ నవ్వింది. నాన్న నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. "కుర్చీలో కూర్చుని పళ్ళికిలించడం కూడా పనే అయితే నేను ట్యాంకర్ అమ్మేసి దాని పక్కన కూర్చుంటానక్కా," అన్నాడు. అమ్మ బెండకాయ పులుసులో చేప ముక్కలు వేస్తూ వెనక్కి తిరగకుండా తనూ నవ్వింది. మా ఇంట్లో అమ్మ మీద వేసే జోకులకు అందరికంటే ముందు నవ్వేది అమ్మే. అలా నవ్వేస్తే జోకు త్వరగా అయిపోతుందని చాలా రోజులకు గానీ నాకు అర్థం కాలేదు.

అతిథిగృహం కరపత్రం మీద అమ్మ ఫోటో ఉంది. పూల గౌను, పసుపు తలగుడ్డ. "మా అమ్మ దగ్గర మా భాష నేర్చుకోండి" అని దాని కింద రాసి ఉంది. ఎవరి అమ్మ అని నాకు ఎప్పుడూ అనిపించేది. ఇదే అమ్మను చిన్నప్పుడు బడిలో మా భాష మాట్లాడినందుకు ఎండలో నిలబెట్టారు. డచ్చి రాక రెండుసార్లు తప్పింది. మూడోసారి మానిపించేశారు. ఇప్పుడు హాలండ్ నుంచి వచ్చినవాళ్ళు తన ముందు కూర్చుని ఆ భాషనే తప్పులు లేకుండా పలకాలని తంటాలు పడుతుంటే అమ్మ మొహంలో వచ్చే వెలుగు నేను చూశాను. వారానికి పావుగంట. ఆ పావుగంట కోసమే ఆమె ఊరికే చేస్తోందని అత్తకు తెలుసు. తెలిసే ఊరికే చేయించుకుంది.

రెండేళ్ళ కిందట టైస్ అనే కుర్ర డాక్టరు హాలండ్ నుంచి వచ్చి అత్త దగ్గర వెనకగదిలో మూడు వారాలున్నాడు. మా బాండాబౌ ఆసుపత్రిలో ఉద్యోగం, ఇల్లు దొరికేదాకా ఇక్కడ. శనివారం పాఠంతో అతనికి సరిపోలేదు. అమ్మ నేల తుడుస్తుంటే చిన్న పుస్తకం పట్టుకుని వెనకాలే తిరిగేవాడు. ఇది ఏమంటారు, అది ఏమంటారు. బకెట్, గుడ్డ, కిటికీ, ఈగ. అమ్మ చెప్పేది, అతను రాసుకునేవాడు. ఆమెను "టీచరమ్మా" అని పిలిచేవాడు. ఆ మాటకు మొదటిరోజు అమ్మ చేతిలో గుడ్డ నీళ్ళలో జారిపోయింది. అతను వెళ్ళిపోయిన చాలా రోజులకు కూడా అమ్మ కట్టెతో ఫుంచి, అంటే మొక్కజొన్న సంకటి, కలుపుతూ తనలో తాను "టీచరమ్మట" అనుకుని నవ్వుకునేది.

గడ్డను నేను చూసింది పోయిన సంవత్సరం జూలైలో. అమ్మ నీళ్ళు పోసుకుంటూ వీపు రుద్దమని పిలిచింది. ఎడమ రొమ్ము కింద చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి లోపలికి లాక్కున్నట్టు ఉంది. చేతికి గట్టిగా తగిలింది. నేను చెయ్యి తీసేశాను.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"ఏమోనే. క్రిస్మస్‌కి ముందు నుంచేమో. కలబంద రాస్తున్నాలే, తగ్గుతుంది."

"నాన్నకి చెప్పావా?"

"మీ నాన్నకి చెబితే నాకేం మందేస్తాడా? ఎవరితోనూ అనకు, రుత్మిలా. ముఖ్యంగా మీ అత్తతో. మళ్ళీ గదులు చేయలేనని ఇంకెవరినో పెట్టుకుంటుంది."

నేను మాటలు తక్కువ పిల్లని. బడిలో హాజరు పలికేటప్పుడు కూడా నా గొంతు వినబడదని టీచర్లు రెండోసారి పిలుస్తారు. కానీ ఆ నెల రోజులూ నేను అమ్మను వదల్లేదు. రోజూ రాత్రి మంచం దగ్గరకు వెళ్ళి "రేపు పోదాం" అన్నాను. చివరికి ఆగస్టులో, రక్తపోటు మాత్రలు అయిపోయాయన్న మిషతో, సరేనంది. టైస్ డాక్టరు కాబట్టి సరేనంది. "ఆ అబ్బాయైతే మన మనిషే," అంది.

ఆ రోజు నాలుగింటికి లేచి మధ్యాహ్నానికి వంట చేసి మూతలు పెట్టింది. ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌను తొడుక్కుంది. నాన్న కాఫీ తాగుతూ, "మాత్రలకి ఇంత సింగారమెందుకు? పెళ్ళిచూపులా?" అన్నాడు. అత్త గేటు దగ్గర నిలబడి, "పదకొండుకల్లా వచ్చెయ్. రెండు గదులవాళ్ళు పోతున్నారు," అంది. బస్సులో అమ్మ నా చెవి దగ్గర నోరు పెట్టి, డచ్చిలో రొమ్మును ఏమంటారని అడిగింది. బస్సులో ఆ మాట అనడానికి సిగ్గేసి, నేను బస్సు టికెట్టు వెనకాల రాసిచ్చాను. గడ్డ అన్న మాట కూడా రాశాను. అమ్మ రెండు మాటలూ పెదవులు కదుపుతూ దారంతా వల్లెవేసింది.

"లోపల నేనే చెబుతా. నువ్వు మధ్యలో నోరు విప్పకు. పెళ్ళికాని పిల్లవి, ఆ మాటలు నీ నోట వినబడకూడదు."

ఆసుపత్రి హాల్లో అడుగుపెట్టగానే అమ్మ అందరికీ కలిపి "బోన్ దియా" అంది. అందరూ తిరిగి అన్నారు. మా వంతు రాగానే టైస్ డాక్టరు తనే తలుపు దాకా వచ్చాడు. రెండు చేతులూ చాపి, గట్టిగా, హాలంతా వినబడేటట్టు అన్నాడు.

"బోన్ దియా, టీచరమ్మా! కోన్ తా బాయ్?"

హాల్లో ఉన్న ఆడవాళ్ళంతా తలెత్తి చూశారు. అరె, తెల్ల డాక్టరు ఎంత బాగా మాట్లాడుతున్నాడు అని ఎవరో అన్నారు. "ఎవరనుకున్నావ్, ఓవిదియా నేర్పింది," అంది ఇంకొకామె. నేను అమ్మ మొహం చూశాను. శనివారం పావుగంటకు వచ్చే ఆ వెలుగు వచ్చేసింది. టికెట్టు ముక్క ఆమె పిడికిట్లో ఉంది.

"బోన్, దాన్కి దియోస్," అంది అమ్మ.

అతను చప్పట్లు కొట్టాడు. లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. ఆ తర్వాత జరిగినదంతా నాకు ప్రతి రాత్రీ మొదటినుంచి చివరిదాకా కనబడుతుంది. అతను రక్తపోటు చూశాడు, కాస్త ఎక్కువుందన్నాడు. అమ్మ నేర్పిన మాటలన్నీ ఒక్కొక్కటే బయటకు తీసి చూపించాడు. కిటికీ, బకెట్, ఈగ. అమ్మ ఒకచోట ఉచ్చారణ సరిదిద్దింది. అతను మళ్ళీ పలికాడు. "ఇప్పుడు సరిగ్గా వచ్చింది," అంది. ఆ గదిలో అప్పుడు డాక్టరూ రోగీ లేరు. టీచరమ్మా శిష్యుడూ ఉన్నారు. టీచరమ్మ శిష్యుడి ఎదుట గౌను గుండీలు ఎలా విప్పుతుంది?

"అంతా బాగేనా?" అన్నాడు చివర్లో, అదీ మా భాషలోనే.

"అంతా బాగే," అంది అమ్మ.

అమ్మ ఎదురుచూసింది. నేను చూస్తూనే ఉన్నాను. కుర్చీలో ముందుకు జరిగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండో ప్రశ్న కోసం మా ఊరి ఆడవాళ్ళు కూర్చునే కూర్చోడం అది. ఇప్పుడతను కుర్చీ దగ్గరకు లాక్కుని అసలెలా ఉన్నావని అడగాలి. అతనికి ఆ వాక్యం తెలియదు. అతనికి ఎవరూ నేర్పలేదు. అతను మాత్రల చీటీ రాసి, లేచి నిలబడి, నవ్వుతూ, వెళ్ళిరండి అన్నదానికి మేము అనే "అయో" అన్నాడు. నేను నోరు తెరిచాను. నాలుక మీద డచ్చి మాటలు రెండూ ఉన్నాయి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను.

బస్సులో అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత అంది, "చూశావా, ఒక్క తప్పు లేకుండా మాట్లాడాడు."

పదకొండుకు ఐదు నిమిషాల ముందే ఇల్లు చేరాం.

ఆ తర్వాత అమ్మ మళ్ళీ పోదామంటే రాలేదు. "డాక్టరు చూశాడుగా," అనేది. ఏం చూశాడమ్మా అని నేను అనలేదు. ఏడు నెలలు గడిచాయి. మార్చిలో గడ్డ చిట్లింది. మూడో నంబరు గదిలో పరుపు ఎత్తుతూ అమ్మ కింద పడింది. లేపితే గౌను ముందు భాగం తడిసి ఉంది. పట్టణంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని విడిగా కూర్చోబెట్టి, ఎముకల్లోకి వెళ్ళిపోయిందని, ఇక నొప్పి లేకుండా చూసుకోవడమేనని చెప్పింది. నాన్న టోపీ చేతిలో తిప్పుతూ విన్నాడు. బయటకొచ్చాక ట్యాంకర్ తలుపు పట్టుకుని నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు.

"హాలండ్ మొత్తానికి మాటలు నేర్పిన నోరు, డాక్టరు ముందు ఒక్క మాట అనలేకపోయిందా?"

ఆ మాట ఎంత బాగా కుదిరిందో ఆయనకే తోచినట్టుంది. తర్వాత పలకరించడానికి వచ్చిన అందరితోనూ అదే అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు. వాళ్ళూ తలూపారు. ఒక్క మాట అనలేకపోయిందే పిచ్చిది, అన్నారు. ఇరవై ఏళ్ళు అదే ఇంట్లో అదే మంచం మీద పడుకున్నవాళ్ళు ఎందుకు అడగలేకపోయారని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. ఎందుకంటే ఆ గదిలో నేనూ ఉన్నాను.

టైస్ డాక్టరు ఒక సాయంత్రం వచ్చాడు. గేటు బయటే నిలబడి, మర్యాద తప్పకుండా పలకరించి, రమ్మనేదాకా ఆగాడు. అమ్మ నిద్రపోతోంది. అతను గుమ్మం దగ్గర ఆగి ఆమెను చూసి, వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "నేను అడిగాను," అన్నాడు నాతో డచ్చిలో. "నీకు గుర్తుంది కదా. ఆమె భాషలోనే అడిగాను." నాకు గుర్తుంది అన్నాను. అంతకంటే ఏం చెప్పను? నీకు సగమే నేర్పారని చెబితే అతను మిగతా సగం ఎక్కడుందో వెతుక్కుంటూ ఈ వీధిలోనే పక్కనున్న అత్త ఇంటికి పోవాలి.

ఇప్పుడు అమ్మ మా ముందుగదిలో మంచం మీద ఉంది. గాలి బాగా వస్తుందని అక్కడ వేశాం. ఊళ్ళో ఆడవాళ్ళు వస్తారు. గేటు దగ్గర "కోన్ తా బాయ్, ఓవిదియా?" అని అరుస్తారు. "బోన్, దాన్కి దియోస్" అని లోపలినుంచి అమ్మ గొంతు వస్తుంది. వచ్చి కూర్చుంటారు. చింతపండు నీళ్ళు తాగుతారు. వానల గురించి, మేకల గురించి మాట్లాడి లేస్తారు. రెండోసారి మాత్రం ఎవరూ అడగడం లేదు. జవాబు వాళ్ళకు తెలుసు, అందుకని.

చచ్చిపోతుందన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదని నాన్న కట్టడి చేశాడు. అందుకని ఎవరూ అనం. ఇంట్లో వంట, నాన్న బట్టలు, అమ్మ కట్లు అన్నీ నా చేతికి వచ్చాయి. అవి ఎప్పుడు వచ్చాయో, ఎవరు ఇచ్చారో నాకు తెలియదు. ఒకరోజు పొద్దున లేచేసరికి నా చేతుల్లో ఉన్నాయి.

పోయిన గురువారం అత్త వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. కాసేపు అమ్మ పాదాలు ఒత్తింది. ఆమెకు నిజంగానే ఏడుపు వచ్చింది. ముక్కు తుడుచుకుని వంటింట్లోకి వచ్చింది.

"రెండు వారాలైంది పాఠం లేక. అందరూ అడుగుతున్నారు. కరపత్రంలో వేశాం కదా. ఈ శనివారం నువ్వు చెయ్యి."

"నేనా అత్తా? నాకు రాదు."

"రాకపోవడానికేముందే? పది వాక్యాలు. మీ అమ్మ చేసేది చూస్తూనే పెరిగావు. పావుగంట కూర్చుని నవ్వితే అయిపోయె."

గుమ్మంలో నాన్న, "చెయ్యి. కాస్త సిగ్గన్నా పోతుంది," అన్నాడు. అమ్మ లోపలినుంచి వింటోందని నాకు తెలుసు. ఏమైనా అంటుందేమోనని ఆగాను.

"మరి అమ్మ ఏదని వాళ్ళడిగితే?"

అత్త ఒక్క క్షణం ఆలోచించింది. "సెలవు మీద వెళ్ళిందని చెప్పు."

శనివారం పదకొండు కుర్చీలూ వేసి, పన్నెండో దాంట్లో నేనే కూర్చున్నాను. పూల గౌను నాకు వదులు. అత్త వెనకాల మడిచి పిన్నులు పెట్టింది. అతిథులు వచ్చారు. ముందు వరసలో తెల్లటోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ కరపత్రం పట్టుకుని ఫోటో వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"ఈవిడ రారా ఇవాళ?"

నేను జవాబు వెతుక్కునేలోపే వంటింటి కిటికీలోంచి అత్త గొంతు పలికింది. "ఆవిడ సెలవు మీద వెళ్ళారండీ!"

"అబ్బ, మంచి పని చేశారు," అంది తెల్లటోపీ ఆవిడ. "పాపం ఆవిడకి మాత్రం విశ్రాంతి వద్దూ?" పక్కవాళ్ళు నవ్వుతూ తలూపారు.

మొదలుపెట్టాను. నా గొంతు వినబడలేదని వెనక వరసాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. కాస్త పెంచాను. బోన్ దియా. మాషా దాన్కి. దూషి దగ్గర ఒకాయన భార్యను చూసి కన్నుగీటాడు, అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా నవ్వు కోసం వాళ్ళు ఒక్క క్షణం ఆగి, తర్వాత వాళ్ళే ముగించారు. కోన్ తా బాయ్. అందరూ అన్నారు. బోన్, దాన్కి దియోస్. అందరూ అన్నారు. వెనక వరసాయనకు అది బాగా నచ్చింది. వెంటనే వాడి చూడాలనిపించినట్టుంది. లేచి నిలబడి, టోపీ తీసి, నాకు వంగి దండం పెట్టి అడిగాడు.

"కోన్ తా బాయ్?"

పదకొండు మొహాలూ నా వైపు తిరిగాయి. ఆప్యాయంగానే తిరిగాయి. జవాబు వాళ్ళకు నేనే ఇప్పుడే నేర్పాను. నేను నోరు తెరిచాను. ఆ జవాబు అమ్మ గొంతులో నాకు వినబడుతోంది, ఆసుపత్రి తలుపు దగ్గర, పిడికిట్లో టికెట్టు ముక్కతో. అది నా నోట రాలేదు.

"మా అమ్మ చచ్చిపోతోంది," అన్నాను, మా భాషలో.

అందరూ నా పెదవుల వంక చూశారు. కొత్త వాక్యం కదా. తర్వాత అందరూ కలిసి, ఎంతో శ్రద్ధగా, తిరిగి అన్నారు.

"మా అమ్మ చచ్చిపోతోంది."

"మళ్ళీ ఒకసారి, కాస్త నెమ్మదిగా," అన్నాడు నిలబడ్డాయన.

నెమ్మదిగా అన్నాను. ఇన్ని రోజులుగా ఇంట్లో అనకూడని మాట అది. నేను ఎవరితోనూ అనని మాట. వాళ్ళు నెమ్మదిగా నాతోపాటు అన్నారు. ఒకామె పక్కామె ఉచ్చారణ సరిదిద్దింది. ఇద్దరు రాసుకుంటున్నారు. సముద్రం దగ్గర కొన్న పచ్చటి చొక్కా వేసుకున్న అబ్బాయి ఒకడు దాన్ని పాటలా సాగదీసి అన్నాడు. మా అమ్మ చచ్చిపోతోంది, మా అమ్మ చచ్చిపోతోంది. వంటింట్లో పళ్ళాల చప్పుడు ఆగిపోయింది.

అత్త తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. ఆమెకు ప్రతి మాటా అర్థమైంది.

"చాలా బాగుంది ఈ వాక్యం," అంది తెల్లటోపీ ఆవిడ పెన్ను ఎత్తి పట్టుకుని. "దీని అర్థమేంటమ్మా?"

నేను అత్త వైపు చూశాను. అత్త నా కళ్ళలోకి చూసింది. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది, నేను ఒప్పుకుంటాను. తర్వాత ఆమె అతిథుల వైపు తిరిగి నవ్వింది. అమ్మ మీద జోకులు వేసినప్పుడు అమ్మ నవ్వే నవ్వు అది. ఆ నవ్వు అత్తకు కూడా వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

"అంటే, మళ్ళీ రండి అని," అంది అత్త డచ్చిలో.

తెల్లటోపీ ఆవిడ పెన్ను కాగితం మీద ఆనింది. మళ్ళీ రండి అని రాసుకుంటోంది. రేపు ఈవిడ మా వీధిలోంచే నడిచి వెళుతుంది, మా కంచె దగ్గర ఆగుతుంది, ముందుగదిలో కిటికీ దగ్గర పడుకున్న మనిషిని చూసి చెయ్యి ఊపి, నేర్చుకున్నది మర్యాదగా అంటుంది.

"కాదు," అన్నాను.

డచ్చిలో అన్నాను. బడిలో హాజరుకు కూడా లేవని నా గొంతు వెనక వరస దాకా వెళ్ళింది. ఎవరూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకోలేదు.

"అది కాదు దాని అర్థం. మా అమ్మ చచ్చిపోతోంది అని అర్థం. మీ చేతిలో ఫోటోలో ఉన్నావిడ మా అమ్మ. సెలవు మీద వెళ్ళలేదు. ఈ వీధిలో పక్క ఇంట్లో ఉంది. నేను ఇప్పుడు ఆమె దగ్గరకు వెళుతున్నాను. ఇకమీద శనివారాలు పాఠం ఉండదు."

ఈసారి ఎవరూ తిరిగి అనలేదు.